ఒడ్డుకు చేరని పేర్లు

మా బోయిన్‌పల్లిలో సముద్రం లేదు. హస్మత్‌పేట చెరువుంది, తెల్లవారుజామున మార్కెట్ యార్డుకు వచ్చే కూరగాయల లారీల హోరుంది. అలాంటి చోట, మా కింది వాటాలో ఉండే ఇంటర్ బైపీసీ అమ్మాయి ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి, "అక్కా, నేను డాల్ఫిన్ల డాక్టరునైత" అంది. వెనకే వచ్చిన వాళ్లమ్మ కుట్టుమిషను నూనె చేతులు చీరకొంగుకు తుడుచుకుంటూ, "గా నౌకరీకి జీతమెంత వస్తది మేడమ్?" అని అడిగింది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నా దగ్గర జవాబు లేదు. పైగా, ఇంత అందమైన కల ముందు జీతం మాట తెచ్చిందేమిటని లోలోపల విసుక్కున్నాను కూడా. ఆ పిల్ల కోసం చదవడం మొదలుపెట్టాక నా విసుగు చూసి నాకే సిగ్గేసింది.

ఈ కథ విదేశాల్లో మొదలవుతుందనుకున్నాను. మన విశాఖపట్నంలోనే దొరికింది. 1852లో విశాఖ రేవులో ఒక పొట్టి మూతి డాల్ఫిన్ దొరికింది. మరుసటి ఏడాది అదే తీరంలో ఒక చిన్న జాతి తిమింగలం. రెండింటి వివరాలనూ లండన్‌కు చేర్చింది వాల్తేరులో ఉన్న కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి స్తూపం తవ్వించిన ఇలియట్ ఆయనే. ఆ పాలరాతి శిల్పాలు వెళ్లిన లండన్‌కే మన సముద్రపు జీవాలూ వెళ్లాయి. 1866లో రిచర్డ్ ఓవెన్ ఆ రెండింటికీ శాస్త్రీయ నామాలు పెట్టాడు. ఆయన వ్యాసం శీర్షికలోనే సేకరించిన ఇలియట్ పేరుంది. ఆ డాల్ఫిన్‌ను ఒడ్డుకు లాగిన జాలరి పేరు శాస్త్రానికి ఎక్కలేదు. ఇక వాళ్లింటి ఆడవాళ్ల సంగతి చెప్పేదేముంది! చివరికి ఆ డాల్ఫిన్‌కు లోకంలో స్థిరపడిన పేరు కూడా విశాఖది కాదు, బర్మాలోని ఇరావతి నదిది.

మొదటి అధ్యాయం ఇలా సేకరణది, నామకరణానిది. చచ్చిన జంతువుకు పేరు పెట్టడం అప్పటికి విజ్ఞానం. బతికున్న జంతువుకు తిండి పెట్టడం, దాని మచ్చిక సంపాదించడం, జబ్బు చేస్తే రాత్రంతా మేలుకోవడం వంటివి తరువాతి శతాబ్దంలో పనులయ్యాయి. ఆ పనుల్లోకి స్త్రీలు వచ్చారు. ఎలా వచ్చారన్నదే అసలు విషయం.

కారెన్ ప్రయర్ 1963లో హవాయిలో, భర్త స్థాపిస్తున్న సీ లైఫ్ పార్కులో డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చే బాధ్యత తీసుకుంది. అప్పటికామె ముగ్గురు పిల్లల తల్లి. కుక్కలకూ పొట్టి గుర్రాలకూ శిక్షణ ఇచ్చిన అనుభవం ఉంది. ఇంటి మనిషి కనుక పిలిచారు. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. డాల్ఫిన్ తనంతట తాను కొత్త విన్యాసం కనిపెట్టగలదని సహచరులతో కలిసి 1969లో పరిశోధన పత్రం ప్రచురించింది. సహాయంగా మొదలైన పని సిద్ధాంతమైంది.

మార్గరెట్ హోవ్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 1965లో సెయింట్ థామస్ దీవిలో, జాన్ లిల్లీ ప్రయోగశాలలో, నీళ్లు నింపిన ఇంట్లో పీటర్ అనే డాల్ఫిన్‌తో పది వారాలు కలిసి బతికింది. దానికి ఇంగ్లీషు ధ్వనులు నేర్పడం ఆమె పని. శాస్త్రంలో పట్టా లేదు, చూసి రాసుకునే ఓపిక ఉంది. ఆ ప్రయోగం ఆలోచన ఎంత తప్పయినా, పగలూ రాత్రీ చేసిన శ్రమ ఆమెది. లోకానికి మిగిలింది మాత్రం ఒక అశ్లీల పత్రిక అల్లిన కథ. ప్రయోగం విఫలమైతే మగవాడు వివాదాస్పద శాస్త్రవేత్త అవుతాడు, ఆడది గుసగుస అవుతుంది.

2010 ఫిబ్రవరి 24న ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, సీవరల్డ్ శిక్షకురాలు డాన్ బ్రాంషోను టిలికమ్ అనే ఓర్కా నీళ్లలోకి లాగి చంపింది. అప్పుడు ముందుకొచ్చిన వివరణ ఏమిటో తెలుసా? ఆమె జుట్టు ముడి. పోనీటెయిల్ వేలాడి జంతువు నోటికి అందిందట! కార్మిక భద్రతా శాఖ ఆ మాట దగ్గర ఆగలేదు, పని పరిస్థితులనే తప్పుపట్టింది. 2014లో అప్పీలు కోర్టు దాన్ని సమర్థించింది. ఇంతకీ ప్రమాదం జరిగితే ముందు ఆడదాని జుట్టువైపూ బట్టలవైపూ చూడటం మనకు తెలియనిదా?

చీకటి ఒక్కటే చెబితే అన్యాయమవుతుంది. కాలిఫోర్నియా సాసలిటోలో 1975లో మొదలైన మెరైన్ మామల్ సెంటర్‌లో గాయపడిన సీల్‌లకూ సీ లయన్లకూ వైద్యం చేస్తారు. 1998లో ఆ తీరంలో వందల సీ లయన్లు మూర్ఛలతో చచ్చిపోయాయి. సముద్రపు నాచులో పుట్టే డొమోయిక్ ఆమ్లమనే విషం చేపల ద్వారా వాటికి చేరిందని తేల్చిన బృందంలో పశువైద్యురాలు ఫ్రాన్సెస్ గుల్లాండ్ ఉంది. ఆ చేపలే మనుషులూ తింటారు. సంరక్షణ అంటే జాలి మాత్రమే కాదు, అది జ్ఞానాన్ని పుట్టిస్తుందనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? అయితే ఆ కేంద్రం నడిచేది ఎక్కువగా జీతం లేని వాలంటీర్ల చేతుల మీద.

ఇక్కడే నాకు నా బతుకు గుర్తొచ్చింది. పిహెచ్.డి. తరువాత ఆరేళ్లు ఒక కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పాను. వేసవి సెలవుల్లో జీతముండేది కాదు. అడిగితే, "సాహిత్యం మీద ప్రేమతో చేస్తున్నారు కదా మేడమ్" అనేవారు. ప్రేమతో చేసే పనికి కూలి ఎందుకన్న ఈ తర్కం వంటింట్లో పుట్టింది. అక్కడి నుంచి తరగతి గదికీ, ఆస్పత్రికీ, డాల్ఫిన్ కొలనుకూ పాకింది.

మన దేశంలో డాల్ఫిన్ల ప్రదర్శనశాలలకు 2013లో కేంద్రం అనుమతి నిరాకరించింది. మంచిదే. కనుక ఇక్కడ ఈ పని ఒడ్డున జరగాలి, వలల దగ్గర జరగాలి. 1973 జనవరిలో తమిళనాడులోని మనప్పాడు దగ్గర 147 పైలట్ తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. 2016 జనవరిలో అదే తీరానికి ఎనభైకి పైగా వచ్చాయి. వాటిని తిరిగి నీళ్లలోకి నెట్టిన వాళ్లలో జాలరులే ముందున్నారు. అది వాళ్లెవరికీ ఉద్యోగం కాదు. మరోవైపు దీపని సుతారియా చిలికా సరస్సులో ఇరావతి డాల్ఫిన్ల మీద పరిశోధించి 2009లో డాక్టరేట్ పూర్తి చేసింది. ఆమె డాల్ఫిన్లతోపాటు అక్కడి చేపలు పట్టే మనుషుల బతుకునూ చదివింది. విశాఖ రేవులో పేరు పోగొట్టుకున్న జంతువు కథలోకి ఒక స్త్రీ చదువు ద్వారా ప్రవేశించడం నాకు చిన్న సంగతిగా అనిపించలేదు.

మొన్న ఆదివారం ఆ తల్లీకూతుళ్లకు ఇదంతా చెప్పాను. ముందు పశువైద్యం చదవాలి, ఆ విశ్వవిద్యాలయం మన రాజేంద్రనగర్‌లోనే ఉంది. సముద్రాన్ని చదివే ఇన్‌కాయిస్ సంస్థ 1999 నుంచి మన ఊళ్లోనే ఉంది, అది ప్రగతినగర్‌లో ఉండి తీరమంతటా జాలరులకు చేపల జాడ చెబుతుంది. సముద్రం లేకపోవడం అంత పెద్ద అడ్డంకి కాదు.

"మరి జీతం?" అంది తల్లి మళ్లీ.

ఈసారి నేను విసుక్కోలేదు. మార్గరెట్‌నూ, ఆ వాలంటీర్లనూ, మనప్పాడు జాలరులనూ, నన్నూ ఎవరూ అడగని ప్రశ్న అది. "తక్కువే వదినా. చాలా చోట్ల అసలు ఉండదు. అడిగి తెచ్చుకోవాలి" అన్నాను.

ఆ పిల్ల నోట్‌బుక్ తెరిచి, రాజేంద్రనగర్ అని రాసుకున్న దాని కింద ఆ మాట కూడా రాసుకుంది.