పుట్టింటికొచ్చిన మిరప

అమెరికాలో కీరా ముక్కలకు కారం పట్టించి, అరగంటలో కొరియా పద్ధతిలో నంజుకునే వంటకం చేసుకునేవాళ్ళకు ఒక ఆక్షేపణ ఎదురవుతూ ఉంటుంది: కొరియా కారం లేకుండా, ఊరబెట్టకుండా చేస్తే అది అసలుది కాదని. ఆ అసలుది ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ పోతే దారి కొరియాలో ఆగదు, మెక్సికో దాకా వస్తుంది. మిరప జాతులన్నీ అమెరికా ఖండాలవే. 1492లో కొలంబస్ వచ్చిపోయాకే అవి సముద్రం దాటాయి. మన దేశానికి పోర్చుగీసు ఓడలు తెచ్చాయి. కొరియాకు 16వ శతాబ్దం చివర్లో, జపాన్ దండయాత్రల రోజుల్లో చేరాయని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. 1614లో కొరియా పండితుడు యి సుగ్వాంగ్ తన 'జిబోంగ్ యుసోల్' గ్రంథంలో మిరపను 'జపాన్ ఆవాలు' అన్నాడు. కొత్త ఘాటుకు తెలిసిన ఘాటు పేరే పెట్టుకున్నారన్నమాట. మనమూ మిరియాన్ని బట్టే మిరప అన్నాం.

కొరియావాళ్ళ ఊరగాయ కిమ్చీని మిరపతో పెట్టే పద్ధతి 1766 నాటి ఒక గ్రంథంలో కనిపిస్తుంది. అంతకుముందు కిమ్చీ ఎర్రగా ఉండేది కాదు. ఉప్పులో ఊరిన ముల్లంగి, దోస, ఆకుకూరలే. ఈనాడు కిమ్చీ అనగానే గుర్తొచ్చే నిండు క్యాబేజీ అయితే ఇంకా ఆలస్యంగా వచ్చింది. దాని మేలు రకాలను ఉ జాంగ్‌చున్ అనే శాస్త్రవేత్త 1950 తర్వాత అభివృద్ధి చేశాడు. మిరప మాకు ముందునుంచే ఉందని వాదించే కొరియా పరిశోధకులూ లేకపోలేదు. కానీ పాత పుస్తకాల్లో ఘాటైన దినుసుకు వాడిన మాట కనిపించినంత మాత్రాన అది మిరపే కానక్కర్లేదు. పైగా మిరపకు అడవి బంధువులు ఆసియాలో ఎక్కడా లేవు. నాకు ఈ సాక్ష్యమే బలంగా తోస్తుంది.

ఆ మిరప కొరియన్ల చేతుల మీదుగా తిరిగి అమెరికా గడప తొక్కింది. 1903 జనవరి 13న 'గేలిక్' ఓడ కొరియా కూలీలను హొనొలులులో దించింది. రెండేళ్ళలో దాదాపు ఏడువేల మంది హవాయి చెరకు తోటలకు వచ్చారు. 1965 వలస చట్టం తర్వాత ఆ రాక పెరిగింది. మన డాక్టర్లకూ ఇంజనీర్లకూ తలుపు తెరిచింది ఆ చట్టమే. 1982లో న్యూయార్క్ నగరంలోని వుడ్‌సైడ్‌లో చిన్న కొరియా కిరాణా దుకాణంగా మొదలైన హెచ్ మార్ట్‌లో ఇవాళ తెలుగువాళ్ళూ ముల్లంగి, కొత్తిమీర ఏరుకుంటారు.

ఇక మొదటి ఆక్షేపణకు వస్తే, ఊరకపోతే కిమ్చీ ఎలా అవుతుందనేది న్యాయమైన ప్రశ్నే. 2001 నాటి అంతర్జాతీయ ఆహార ప్రమాణం కూడా కిమ్చీ పులియాలనే అంటుంది. అయితే ఈ కీరా వంటకం కిమ్చీనని ఎవరూ అనడం లేదు. కొరియన్లే దానికి 'ఓయి ముచిమ్' అని వేరే పేరు పెట్టుకున్నారు. కీరా కలుపు అని అర్థం. ఆవకాయ ఊరాలి కదా అని దోసకాయ ముక్కల పచ్చడిని ఎవరైనా కాదంటారా?

కారం విషయంలో మాత్రం ఆక్షేపణలో నిజముంది. కొరియా కారం గింజ తీసి బరకగా కొట్టింది, కాస్త తియ్యగా ఉంటుంది. అదే కొలతలో గుంటూరు కారం వేస్తే నోరు మండడం తప్ప రుచి తెలియదు. పావు వంతు చాలు, మిగతా ఎరుపు బ్యాడిగి కారంతో తేవచ్చు. మన పప్పునూనెలో వాళ్ళ వేయించిన నువ్వుల నూనె వాసన రాదు. నువ్వులు దోరగా వేయించి, నలిపి చల్లాలి. అన్నిటికన్నా ముఖ్యం కీరాలో నీరు. బిళ్ళలుగా తరిగి ఉప్పు చల్లి పావుగంట ఉంచితే గిన్నె అడుగున నీళ్ళు చేరతాయి, బిళ్ళ వంచితే విరక్కుండా వంగుతుంది. అప్పుడు గట్టిగా పిండి కారం, దంచిన వెల్లుల్లి, సోయా సాస్, వెనిగర్, చిటికెడు చక్కెర కలపాలి. పిండకుండా కలిపితే కారం ముక్కను పట్టదు, జారి అడుగున పులుసై కూర్చుంటుంది. మర్నాటికి ఎలాగూ ముక్క మెత్తబడుతుంది కాబట్టి ఏ పూటకాపూట కలుపుకోవడమే.