రేవు కొయ్యకు పట్టిన పురుగు

సముద్రతీరాన మనిషి నిలిపిన కొయ్య కట్టడాలను తుఫానులకంటే నిలకడగా పాడుచేసిన జీవి మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు మించదు. బ్రిటన్ రేవుల పనివాళ్లు దానిని గ్రిబుల్ అన్నారు. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు లిమ్నోరియా. రొయ్యలూ పీతలూ చేరిన క్రస్టేషియన్ల విభాగంలో ఇది ఐసోపాడ్ల శాఖకు, అనగా నడిచే కాళ్లు ఏడు జతలూ ఇంచుమించు ఒకే తీరుగా ఉండే సమపాదుల శాఖకు చెందింది. పెరట్లో తడి రాళ్ల కింద కనిపించే బూడిదరంగు పురుగులు, వాటిలో ముట్టుకోగానే ఉండ చుట్టుకునేవి, నేల మీద స్థిరపడిన దీని బంధువులే.

దీనిని మొదట 1799లో యెన్స్ రాట్కె వర్ణించినా, దీని వల్ల కలిగే నష్టాన్ని లెక్కలోకి తెచ్చిన ఘనత స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ స్టీవెన్‌సన్‌ది. పోటు వేళ మునిగిపోయే బెల్ రాక్ అనే రాతిదిబ్బ మీద 1807లో దీపస్తంభ నిర్మాణం ఆరంభించిన ఆయన, పనివాళ్ల బసకోసం పాతించిన దూలాలను ఈ పురుగు తొలిచివేయడం గమనించాడు. విలియం లీచ్ 1814లో దానికి లిమ్నోరియా అనే ప్రజాతి నామం ఇచ్చాడు. స్టీవెన్‌సన్ అంతటితో ఊరుకోక, అదే రాతి మీద రకరకాల కలప ముక్కలను బిగించి, ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో దశాబ్దాల పాటు పరీక్షింపజేశాడు. ఆ పరీక్షలో గ్రీన్‌హార్ట్, బీఫ్‌వుడ్, బుల్లెట్‌ట్రీ అనే ఉష్ణమండలపు కలపలు చెక్కుచెదరకుండా నిలవగా, టేకుకు స్వల్పంగా మాత్రమే దెబ్బ తగిలింది. గోదావరి ఎగువ అడవుల టేకుతో ఓడలు కట్టిన కోరంగి వడ్రంగులకు టేకు గట్టిదనం కొత్త సంగతి కాదు. అయినా సముద్రంలో కలప మన్నికను ఏళ్ల తరబడి పక్కపక్కనే పోల్చి చూసిన ఇటువంటి పరీక్ష ఆ కాలానికి అరుదైనది, అందుకే ఎంతో విలువైనది.

ఈ పురుగు చేసే నష్టపు తీరు దాని జీవన విధానం నుంచే వచ్చింది. తోక కింది పలుచని రేకుల వంటి అవయవాలతో శ్వాసించే ఈ జీవికి ఎప్పుడూ తాజా నీరు కావాలి గనుక, అది కొయ్య లోతుకు పోకుండా పైపొర కిందనే సన్నని సొరంగం తవ్వి, దారి పొడవునా నీరు వచ్చిపోయే చిన్న చిన్న రంధ్రాలు పెడుతుంది. ఆ సొరంగంలో జంటగా నివసించేటప్పుడు ఆడది ముందుండి తవ్వుతుంది, మగది వెనుక ఉంటుంది. గుడ్లు తల్లి పొట్ట కింది సంచిలోనే పొదగబడి, పిల్లలు చిన్నపాటి పెద్దవాటిలా బయటపడి, పుట్టిన సొరంగం పక్కనే తమ సొరంగం మొదలుపెడతాయి. ఈ విధంగా బోలుపడిన పైపొరను అలలు ఒరుసుకుపోగా, పురుగు తరువాతి పొరకు దిగుతుంది. ఆటుపోట్ల మట్టంలో స్తంభం క్రమంగా డమరుకం నడుములా సన్నబడి, ఒకనాడు విరుగుతుంది. ఓడపురుగు అనదగిన టెరీడో, ఇది ఆలిచిప్పల జాతికి చెందిన వేరొక జీవి, లోపల దాగి పనిచేస్తుంది కాబట్టి దాని హాని పైకి తెలియదు. చెక్కను జీర్ణించుకోవడానికి చెదలలో అనేక జాతులు పొట్టలోని సూక్ష్మజీవుల మీద ఆధారపడతాయి. గ్రిబుల్ జీర్ణనాళంలో అటువంటివి దాదాపు లేవనీ, సెల్యులోజును విడగొట్టే ఎంజైములను అది తానే తయారు చేసుకుంటుందనీ 2010 నాటి పరిశోధన తేల్చింది.

రక్షణ ఉపాయాల చరిత్ర దీర్ఘమైనది. వెడల్పు తలల ఇనుప మేకులను స్తంభం నిండా దగ్గరదగ్గరగా కొట్టి తుప్పుతో కవచం ఏర్పరచారు, రాగిరేకులు తొడిగారు. 1838లో జాన్ బెథెల్ తారునుంచి తీసిన క్రియోసోట్ నూనెను మూసిన ఇనుప తొట్టిలో ఒత్తిడితో కొయ్యలోకి ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందాక, చల్లని సముద్రాల రేవులకు కొంత ఊరట కలిగింది. వెచ్చని నీటిలో మాత్రం క్రియోసోట్ పట్టించిన స్తంభాలూ పాడయ్యాయి. రాబర్ట్ మెన్‌జీస్ 1951లో లిమ్నోరియా ట్రైపంక్టేటా అనే జాతిని విడిగా గుర్తించడంతో దీని కారణం స్పష్టపడింది: ఆ జాతి క్రియోసోట్‌ను తట్టుకోగలదు. జాతులను వేరుపరచే నిశితమైన పని రేవు నిర్వహణకు ఎంత అవసరమో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

క్రియోసోట్‌ను తట్టుకునే ఈ జాతికి విరుగుడు అప్పటికే భారతదేశంలో సిద్ధంగా ఉంది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలను కలిపి ఆస్కు అనే ద్రావణాన్ని రూపొందించాడు. అందులో రాగి, ఆర్సెనిక్ విషాలుగా పనిచేస్తే, క్రోమియం వాటిని నీటిలో కరిగిపోకుండా కొయ్య నారలకు పట్టి ఉంచుతుంది. క్రియోసోట్‌కు లొంగని లిమ్నోరియాను ఈ లవణాలూ, లవణాలను లెక్కచేయని మార్టీసియా వంటి తొలిచే ఆలిచిప్పలను క్రియోసోటూ ఆపుతాయి గనుక, వెచ్చని తీరాలలో ఒకే స్తంభానికి రెండింటినీ వరుసగా ఎక్కించే విధానం స్థిరపడింది. విశాఖపట్నంలోని సముద్ర కలప పరిశోధన కేంద్రం ఇవే లవణాలను మత్స్యకారుల తెప్పలకు పట్టించి, మెత్తని చవక కలప ఆయుష్షును పెంచే ప్రయత్నం చేసింది. ఆర్సెనిక్ మనుషులకు హానికరమన్న కారణంతో 2003 తరువాత అమెరికాలో ఇళ్ల నిర్మాణ కలపకు ఈ లవణాల వాడకం మానుకున్నారు, ఐరోపాలోనూ ఆంక్షలు వచ్చాయి. సముద్రంలో పాతే స్తంభాలకు మాత్రం అమెరికాలో వాటిని అనుమతిస్తూనే ఉన్నారు.