ఆయుధ నియంత్రణ, న్యాయము: భారత ఆయుధ చట్టములపై ఒక చారిత్రక పరిశీలన

మొదటి సమూయేలు గ్రంథము 13వ అధ్యాయములో ఇశ్రాయేలు దేశమంతటా కమ్మరి లేని పరిస్థితి మనకు కనిపిస్తుంది. హెబ్రీయులు కత్తులు, ఈటెలు చేయించుకుంటారేమోనన్న భయముతో ఫిలిష్తీయులు ఆ ఏర్పాటు చేశారు. నాగటి నక్కుకు పదును పెట్టించాలన్నా రైతు శత్రువు దగ్గరకే వెళ్లవలసి వచ్చింది. ద్వితీయోపదేశకాండము 22:8లో మరొక విధమైన కట్టడి ఉంది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలి. అది లేక ఎవరైనా పడి చనిపోతే ఆ దోషము ఇంటివానిదే. మొదటి కట్టడి పాలకుని భయములో పుట్టింది. రెండవది పొరుగువాని ప్రాణము కొరకు పుట్టింది. తుపాకీ విషయములో మన దేశము మొదటి విధమైన చట్టము నుండి రెండవ దాని వైపు ఎలా నడిచిందో, ఆ నడక ఎంతవరకు వచ్చిందో ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

1. పాలకుల భయము

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిష్ ప్రభుత్వము ప్రజల చేతినుండి ఆయుధములను తొలగించే చర్యలు చేపట్టింది. వాటికి స్థిరరూపము వైస్రాయి లిట్టన్ కాలములో వచ్చిన 1878 ఆయుధ చట్టము. లైసెన్సు లేనిదే ఆయుధము ధరించరాదని అది నియమించింది. లైసెన్సు కోరడము దానికదే అన్యాయము కాదు. అన్యాయము మినహాయింపులలో ఉంది. యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఆ నియమము నుండి మినహాయింపు దొరికింది. అడవి అంచున పంట కాపాడుకొనే రైతు మాత్రము అధికారి దయకు ఎదురుచూడాలి. దేశభాషా పత్రికలను కట్టడి చేసిన చట్టము కూడా అదే సంవత్సరములో వచ్చినదని గమనించాలి.

ప్రజలను నిరాయుధులను చేసినంత మాత్రాన శాంతి రాలేదు. అటవీ చట్టములతో, రోడ్డు పనుల వెట్టితో విసిగిన మన్యములో 1922 ఆగస్టున అల్లూరి సీతారామరాజు, అతని అనుచరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై వరుసగా దాడిచేసి తుపాకులు, తూటాలు తీసుకొనిపోయారు. తుపాకులు పాలకుల వద్దనే ఉన్నందున వారు అక్కడికే వెళ్లారు.

2. జాతీయోద్యమము కోరినది

1887లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభ ఆయుధ చట్టమును సవరించాలని తీర్మానించింది. అహింసను బోధించిన గాంధీజీ సైతము 1918లో ఈ చట్టమును బ్రిటిష్ పాలన చేసిన మిక్కిలి చెడ్డ పనులలో ఒకటిగా ఎంచారు. అయితే ఆయన 1930 జనవరిలో ప్రకటించిన పదకొండు కోరికలను చూడండి. ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్న కోరికతోపాటు, అవి ప్రజల అదుపుకు లోబడి ఉండాలన్న షరతు కూడా అందులో ఉంది. 1931 కరాచీ తీర్మానము ఆయుధము ఉంచుకొనే హక్కును అంగీకరించినా, దానిని నిబంధనలకు లోబరచింది. అనగా ఉద్యమము వ్యతిరేకించినది నియంత్రణను కాదు, పక్షపాతమును.

3. రాజ్యాంగ సభలో చర్చ

1948 డిసెంబరులో హెచ్.వి. కామత్ ఈ హక్కును ప్రాథమిక హక్కులలో చేర్చాలని సవరణ ప్రతిపాదించారు. డాక్టర్ అంబేద్కర్ దానిని అంగీకరించలేదు. ప్రతి పౌరునికి అటువంటి హక్కు ఇస్తే నేరస్థులు కూడా దానిని కోరగలరని ఆయన వాదించారు. దేశ రక్షణ అవసరమైనప్పుడు ఆయుధము పట్టడము పౌరుని హక్కుగా కాక బాధ్యతగా ఎంచాలన్నది ఆయన అభిప్రాయము. సవరణ వీగిపోయింది. రాజ్యాంగములోని 19వ అధికరణము శాంతియుతముగా, ఆయుధములు లేకుండా సమావేశమయ్యే హక్కును మాత్రమే ఇచ్చింది. అణచివేతను స్వయముగా అనుభవించిన వ్యక్తి ఈ మాట అన్నాడని మనము మరువరాదు. బలహీనుని కాపాడేది అతని చేతిలోని తుపాకీ కంటె, బలవంతుని చేతిని ఆపగల చట్టమే.

4. 1959 చట్టము

పాత చట్టము స్వాతంత్ర్యము తరువాత కూడా కొనసాగింది. 1959లో ఆమోదించిన కొత్త చట్టము 1962 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. దానిలోని 14వ సెక్షన్ మనకు ముఖ్యము. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణముతో ఎవరికీ లైసెన్సు నిరాకరించరాదు. నిరాకరిస్తే కారణములు వ్రాతపూర్వకముగా నమోదు చేయాలి. నిరాకరణపై అప్పీలుకు కూడా చట్టము వీలు కల్పించింది. పేదకు, ధనికునికి ఒకే కొలత అన్న సూత్రము ఇక్కడ కనిపిస్తుంది.

యజమాని బాధ్యత క్రమముగా పెరిగింది. 2016 నిబంధనలు దరఖాస్తుదారునికి ఆయుధ భద్రతలో శిక్షణను చేర్చాయి. 2019 సవరణ ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకులను మూడు నుండి రెండుకు తగ్గించింది. వేడుకలలో కాల్పులు జరిపి ఇతరుల ప్రాణములకు ముప్పు తెచ్చినవారికి రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు.

5. అసంపూర్తిగా ఉన్న పని

చట్టములో ఒకే కొలత ఉన్నంత మాత్రాన గ్రామములో ఒకే కొలత ఉండదు. పలుకుబడి గలవారికి లైసెన్సు త్వరగా దొరుకుతుందన్న ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. 1995లో వచ్చిన షెడ్యూల్డు కులములు, తెగలపై అత్యాచారముల నిరోధక నిబంధనలలో 3వ నిబంధన ఈ అసమానతను గుర్తించింది. అత్యాచారములు జరిగే అవకాశమున్న ప్రాంతములలో ఇతరుల ఆయుధ లైసెన్సులు రద్దు చేయడానికి, అక్రమ ఆయుధములు స్వాధీనము చేసుకోవడానికి, అవసరమైతే ఆ కులములు, తెగలవారికే లైసెన్సులు ఇవ్వడానికి అది వీలు కల్పించింది. 1985లో కారంచేడును, 1991లో చుండూరును చూసిన తెలుగు సంఘములకు ఈ నిబంధన భావమును వివరించనక్కరలేదు. అక్కడ చంపినవి తుపాకులు కావు. అయినా బలవంతుని చేతిలోని ఆయుధము నిరాయుధునికి ఏమి చేస్తుందో అక్కడ తేలింది.

ముగింపు

ఈ చరిత్ర కాపరులకు రెండు విషయములు నేర్పుతుంది. నియంత్రణ అంతా అణచివేతే అనువారికి మన ఉద్యమ నాయకుల షరతులు సమాధానము. ప్రభుత్వము చేసిన నియంత్రణ అంతా న్యాయమే అనువారికి 1878 చట్టము సమాధానము. అడవి ప్రాంతపు సంఘములలో పంది వేటకు దాచిన నాటు తుపాకీ ఉండవచ్చు. పొదలో కదలిక చూసి పేల్చిన గుండు తోటి మనిషికి తగిలిన తరువాత వేటగాని కుటుంబమును, చనిపోయినవాని కుటుంబమును ఒకే కాపరి ఓదార్చవలసి రావచ్చు. ఆ దినము రాకముందే మాట్లాడాలి. లైసెన్సు ఉన్న సభ్యునితో కూడా తాళము గూర్చి, పిల్లల గూర్చి, మద్యము గూర్చి అడగాలి. పిట్టగోడ కట్టవలసినది ఎవరైనా పడిన తరువాత కాదు గదా.