ఎవరి రక్తంలో ఉంది?

పోయిన సంక్రాంతికి పలాసలో రైలు దిగి ఉద్దానం వైపు ఆటో ఎక్కినప్పుడు నా సంచిలో ఒక పెద్ద తెల్ల కాగితం, పెన్సిలు ఉన్నాయి. మా పెద్దమ్మ కుటుంబ చరిత్ర గీసుకురావాలి. సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఈ పని అప్పగించింది పెద్దమ్మ మనవరాలు. టెక్కలి నుంచి ఫోన్ చేసి, "పిన్నీ, నాకు మేనబావ సంబంధం అనుకుంటున్నారు. అమ్మమ్మ పిల్లలకి వచ్చింది నా పిల్లలకీ వస్తుందా?" అని అడిగింది.

పెద్దమ్మని పదహారో ఏట సొంత మేనమామకే ఇచ్చారు. ఆరేళ్లలో నాలుగు కాన్పులు. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల ఏడాది నిండకుండానే పోయారు. "పుట్టినపుడు బాగానే ఉండీవోరు. నాలుగో నెలొచ్చినా మెడ నిలిపీవోరు కాదు. కళ్లతో మాత్రం నన్నే సూసీవోరు" అంటుంది. నాలుగో బిడ్డ బతికింది గానీ ఆడపిల్ల, లెక్కలోకి రాలేదు. పెదనాన్నకి బయటి సంబంధం చూసి రెండో పెళ్లి చేశారు. ఆమెకి పుట్టిన ముగ్గురూ నిక్షేపంలా పెరిగారు. ఇక ఊరికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. లోపం పెద్దమ్మదేనని తేలిపోయింది. సీమంతాలకీ, బారసాలలకీ ఆమెను పిలవడం మానేశారు.

యాభై ఏళ్లుగా నిలిచిన ఆ సాక్ష్యాన్ని విశాఖలో ఒక జన్యు వైద్యురాలు పది నిమిషాల్లో తిరగేసింది. మగపిల్లలతో పాటు ఆడపిల్ల కూడా పోయింది కాబట్టి ఇది అంతర్గత లక్షణంగా వచ్చే జబ్బు అయివుండే అవకాశమే ఎక్కువ అంది. అలాంటి జబ్బు రావాలంటే లోపం ఉన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి రావాలి. ఇద్దరూ వాహకులే, ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు ప్రమాదం, ప్రతిసారీ పాచిక కొత్తగా పడుతుంది. వాహకురాలు కాని స్త్రీని పెళ్లాడితే ఆ మగవాడి పిల్లలకి జబ్బు రాదు. అంటే రెండో భార్య పిల్లలు ఆరోగ్యంగా ఉండటం పెదనాన్న నిర్దోషి అనడానికి రుజువు కానే కాదు. పెద్దమ్మలో ఎంత ఉందో ఆయనలోనూ అంతే ఉంది. ఈ చిన్న లెక్క తెలియక ఎన్ని ఇళ్లలో ఎంతమంది ఆడవాళ్లని వెళ్లగొట్టారో!

పిల్లల రక్తం ఎక్కడా లేదు కాబట్టి ఆ జబ్బు పేరు మాకు తెలియదు. మెడ నిలవనివ్వని జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకటైన స్పైనల్ మస్కులర్ ఆట్రోఫీకి కారణమైన జన్యువును 1995లో ఫ్రాన్సులో జుడిత్ మెల్కి బృందం కనిపెట్టింది. పెద్దమ్మ పిల్లలు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు.

నా పరిశోధనలో నేను చూసిన వంశవృక్షాల్లో తండ్రి, కొడుకు, మనవడు, అంతే. జన్యుశాస్త్రం గీసే పటం ఆడవాళ్లు లేకుండా పూర్తికాదు. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి గుండ్రం, రక్తసంబంధంలో పెళ్లయితే జంట గీత, పోయినవాళ్లకి అడ్డంగా ఒక కోత. నిలవని గర్భానికి కూడా చిన్న త్రిభుజం ఉంది. ఎవరి కడుపు ఎప్పుడు పోయిందో చెప్పగలిగింది పెద్దమ్మ ఒక్కతే. ఇంటి మగవాళ్లకి పిల్లల పేర్లు కూడా గుర్తులేవు.

"ఏటే ఈ సున్నాలు?" అంది కాగితం మీదకి వంగి.

"అవి ఆడవాళ్లం పెద్దమ్మా."

"ఇక్కడా సున్నాలమేనా!" అని నవ్వింది.

తల్లుల జ్ఞాపకం మీద ఆధారపడి మొదలైన ఆవిష్కరణలు ఇంకా ఉన్నాయి. నార్వేలో బోర్గ్నీ ఎగెలాండ్ తన ఇద్దరు పిల్లల మూత్రానికి వింత వాసన ఎందుకొస్తోందని డాక్టర్ల చుట్టూ తిరిగింది. చివరికి 1934లో ఆస్బ్యోర్న్ ఫోలింగ్ ఆమె మాట విని ఆ మూత్రాన్ని పరీక్షించాడు. ఫినైల్‌కీటోన్యూరియా అలా బయటపడింది. జబ్బుకి చాలాకాలం ఆయన పేరే వాడారు. వాసన పట్టింది మాత్రం తల్లి. అలాగని వంశపటం అమాయకమైందని నేననను. ఆడదాని వంశం చెడ్డదని వాదించి, 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పుతో క్యారీ బక్‌కి బలవంతంగా గర్భం రాకుండా చేశారు.

మన దగ్గర ఈ పటాలు గీసినవారిలో ముందువరసలో ఉన్నవాడు పిఠాపురం మనిషి ద్రోణంరాజు కృష్ణారావు. కలకత్తాలో జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర చేరి, 1963లో పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో రక్తసంబంధ వివాహాలు ఎంత తరచుగా జరుగుతున్నాయో, వాటి ఫలితాలేమిటో ప్రచురించాడు. అంతకుముందు చెవుల మీద వెంట్రుకల గురించి రాశాడు. అది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వై క్రోమోజోము మీదుగా వస్తుందన్నాడు. పూర్తిగా తండ్రుల ఖాతాలో వేసిన లక్షణం అదొక్కటే అనుకుంటా! 2004లో దక్షిణాది మగవాళ్ల డీఎన్ఏ చూసిన మరో బృందానికి ఆ సంబంధం కనిపించలేదు.

అప్పట్నుంచీ చదువుకున్నవాళ్ల నోట ఒకటే సలహా, మేనరికం మానేయండని. మంచి సలహానే, కానీ సగమే. వైశ్యుల్లో కొందరికి సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికిచ్చే మందు వాళ్లలో త్వరగా విరగదు, ఊపిరి అందక గంటల తరబడి యంత్రం మీద ఉండాల్సివస్తుంది. దానికి కారణమైన జన్యుమార్పును 2006లో గుర్తించారు. 2009లో హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు ఈ కులం రెండు, మూడు వేల ఏళ్లుగా బయటివాళ్లతో దాదాపు కలవలేదని చూపించారు. 2017లో 260కి పైగా సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని తేలింది. అంటే మేనబావని కాదని కులంలోనే ఎంత దూరపు సంబంధం చూసినా, ఒకే పాతనీటి చెరువులో మునుగుతున్నట్టే. మేనరికాన్ని తిట్టే మన సంస్కర్తలు కులం దగ్గరికొచ్చేసరికి ఎందుకు గొంతు తగ్గిస్తారు?

రక్తం మీద నింద వేయడంలో ఇంకో ప్రమాదం ఉంది. అది ఉద్దానంలో ఉన్నవాళ్లకి బాగా తెలుసు. 2019, 2020ల్లో అచ్చయిన రెండు సర్వేల ప్రకారం ఇక్కడి పెద్దల్లో సుమారు ఐదోవంతు మందికి మూత్రపిండాల జబ్బుంది. వాళ్లలో చాలామందికి మధుమేహం లేదు. కారణం ఇంకా తేలలేదు. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పడిపోతే వంశంలోనే ఉందంటారు, సంబంధాలు వెనక్కి పోతాయి. ఒకే రక్తం పంచుకున్నవాళ్లు ఒకే బావి నీళ్లు తాగారు, ఒకే ఎండలో జీడితోటల్లో పనిచేశారు. జన్యువుల పాత్ర ఉంటే ఉండనివ్వండి, వెతకాల్సిందే. అది దొరికేదాకా నీళ్ల సంగతి, కూలి సంగతి పక్కన పెట్టడానికి మాత్రం వీల్లేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయింది 2023 డిసెంబరులో. అప్పటికే ఈ ఊళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు భర్తల్ని డయాలసిస్‌కి తిప్పీ తిప్పీ అలసిపోయారు.

మా పటం దగ్గరికి వస్తాను. పెళ్లికొడుకు పెదనాన్న రెండో భార్యకి మనవడు. డాక్టరమ్మ లెక్క ప్రకారం అమ్మాయి వాహకురాలయ్యే అవకాశం మూడింట ఒకటి, అబ్బాయి అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఇద్దరి జన్యువులూ చదివితే ఒకే లోపం ఇద్దరిలో ఉందో లేదో తెలుస్తుంది. పెదనాన్న లేడు, కాబట్టి పెద్దమ్మ రక్తం కూడా ఉంటే వెతకడం తేలికట. అబ్బాయి తల్లికి ఈ మాట నచ్చలేదు. "కావాలంటే పిల్లకి చేయించుకోండి, మా వాడికేం జబ్బు?" అంది.

వాకిట్లో కొబ్బరి మట్టలు చీరుతున్న పెద్దమ్మ తలెత్తలేదు. "నా రగతంలో ఉందన్నారు కదా, ముందు నాదే తియ్యమను. ఆ తరవాత ఆ గుంటడిదీ తియ్యాల" అంది.