చెంచాడు బియ్యం, ఊరి చావిడి

ఇంటర్ పరీక్షలు అయిపోయాక మా అమ్మాయి కొరియన్ సీరియల్స్ పిచ్చిలో పడింది. దాని పక్కన కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తీస్తూ నేనూ అలవాటు పడిపోయాను. ప్రేమకథ సంగతి నాకెందుకు గానీ, పల్లెటూరు చూపించారంటే నా కళ్ళు ఒక్క చోటికే పోతాయి. ఊరి మధ్యలో ఒక మామూలు డాబా ఉంటుంది. లోపల వెచ్చటి గచ్చు మీద ఏడెనిమిది మంది ముసలమ్మలు. వెల్లుల్లి వలుస్తారు, పేకాడతారు, కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటారు, మధ్యాహ్నం అయ్యేసరికి అందరూ కలిసి వండుకుని ఒకే బల్ల చుట్టూ కూచుని తింటారు. "ఎవరిల్లే అది?" అంటే "ఇల్లు కాదమ్మా, వాళ్ళ ఊరి కమ్యూనిటీ హాలు" అంది.

మా ఊళ్ళోనూ ఉంది కమ్యూనిటీ హాలు. ఎలక్షన్లకి తీస్తారు, ఎప్పుడైనా మీటింగు ఉంటే తీస్తారు. మిగతా రోజులు తాళమే. మా అమ్మ ఇల్లు దానికి నాలుగు గడపల అవతల. నాన్న పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. మధ్యాహ్నం ఫోన్ చేసి ఏం తిన్నావంటే "ఒక్కదానికి ఏం వండుకోనే, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకున్నా" అంటుంది. వారంలో అయిదు రోజులు ఇదే జవాబు.

అందుకని, ఆ కొరియా ముసలమ్మల హాలు ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో తెలుసుకోవాలనిపించింది. దొరికినవన్నీ చదివాను.

పాతకాలం కొరియా పల్లెల్లో ఆడవాళ్ళకంటూ కూచునే చోటు లేదు. మగవాళ్ళకి ఉండేది. కాస్త కలిగిన ఇళ్ళలో సారంగ్‌బాంగ్ అని ముందు వైపు ఒక గది ఉండేది, అతిథులూ ఊరి పెద్దలూ కూచుని మాట్లాడుకోవటానికి. మన రచ్చబండ ముచ్చట్లే, కాకపోతే చలిదేశం కాబట్టి నాలుగు గోడల మధ్య. ఆడవాళ్ళు కలిసేది నూతి దగ్గర, బట్టలుతికే వాగు దగ్గర. కోడలిని పేరు పెట్టి పిలవటం కూడా ఉండేది కాదు, పుట్టింటి ఊరి పేరుతోనో, పిల్లాడి పేరు చెప్పి "ఫలానా వాళ్ళమ్మ" అనో పిలిచేవారు. మనకేం కొత్త కాదులెండి. మా వీధిలో నాకు ఇద్దరు "ఏలూరు పిన్ని"లు ఉండేవారు, వాళ్ళ అసలు పేర్లు నాకు ఇప్పటికీ తెలియవు.

1970కి వద్దాం. అప్పటికి దక్షిణ కొరియాలో పట్నాలు ఫ్యాక్టరీలతో పైకి లేస్తున్నాయి, పల్లెలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఎక్కువ ఇళ్ళకి గడ్డికప్పులే, కరెంటు ఏ కొద్ది ఊళ్ళకో. ఆ ఏడు ఏప్రిల్ 22న ప్రెసిడెంటు పార్క్ చుంగ్ హీ ఒక మీటింగులో, ఊళ్ళు తమని తామే బాగు చేసుకోవాలని ఒక ఉద్యమం ప్రతిపాదించాడు. దాని పేరు సేమాఉల్ ఉన్‌దోంగ్, కొత్త ఊరి ఉద్యమం అని అర్థం. సరిగ్గా అప్పుడే దేశంలో సిమెంటు అమ్ముడుపోక మిగిలిపోయి ఉంది. ఆ సిమెంటుని దేశంలోని పల్లెలకి, 33 వేల పైచిలుకు ఊళ్ళకి, ఊరికి 335 బస్తాల లెక్కన ఉచితంగా పంచారు.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఒక షరతు పెట్టారు: సిమెంటుని ఇళ్ళవారీగా పంచుకోకూడదు, ఊరందరికీ పనికొచ్చే పనికే వాడాలి. ఒక్కసారి లెక్క వేసి చూడండి. బస్తా 40 కిలోలు, అంటే 335 బస్తాలు పదమూడు టన్నుల పైమాట. ఎనభై గడపల ఊరైతే ఇంటికి నాలుగు బస్తాలు వస్తాయి, స్నానాల గదికి గచ్చు వేసుకుంటే అయిపోతాయి. కలిపి ఉంచితే చిన్న వంతెన అవుతుంది, నూతికి వరలు అవుతాయి, బట్టలుతుక్కునే చప్టా అవుతుంది, లేదా ఊరికి ఒక చావిడి అవుతుంది. ఏం కట్టుకోవాలో ఊరే కూచుని తేల్చుకోవాలి. ఆ కూచోవటానికే చోటు కావాలి కదా, అందుకే ఊరి హాలు చాలా ఊళ్ళ జాబితాలోకి ఎక్కింది. దాన్ని వాళ్ళు మాఉల్ హ్వెగ్వాన్ అంటారు.

పొలం పనులు లేని చలికాలంలో పని చేసేవారు. సిమెంటు, ఇసుక కలిపి చెక్క అచ్చుల్లో పోసి ఇటుకలు ఊళ్ళోనే చేసుకునేవారు. కూలి లేదు. ఇంటికి ఒక మనిషి చొప్పున రావాలి, మగదిక్కు లేని ఇంటి నుంచి ఆడమనిషి వచ్చేది. స్థలం ఊరివాళ్ళే ఇవ్వాలి, దానికి పరిహారం లేదు. మనస్ఫూర్తిగా ఇచ్చినవాళ్ళు ఉన్నారు, చుట్టుపక్కలవాళ్ళు సాధిస్తుంటే పడలేక ఇచ్చినవాళ్ళూ ఉన్నారు.

తర్వాతి ఏడు సర్కారు లెక్క చూసుకుంది. బాగా పని చేసిన 16,600 ఊళ్ళకి 500 బస్తాల సిమెంటు, ఒక టన్ను ఇనుము ఇచ్చింది. మిగిలిన ఊళ్ళకి ఏమీ ఇవ్వలేదు. పిల్లలకి కూడా ఇలా తేడా చూపించకూడదంటాం మనం. కానీ పక్క ఊరికి వచ్చి మనకి రాలేదన్న పంతంతో వేల ఊళ్ళు సొంత డబ్బుతో పని మొదలుపెట్టాయట. 1980 నాటికి దేశం మొత్తం మీద దాదాపు 37 వేల ఊరి హాళ్ళు లేచాయి.

ఇంతవరకూ చదివినదాంట్లో ఆడవాళ్ళ మాట పెద్దగా లేదు. సిమెంటుతో గోడ లేస్తుంది సరే, లోపల దీపానికి నూనె, చాపలు, పొయ్యి, గిన్నెలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఏటా సున్నం ఎవరు వేయిస్తారు? అక్కడ మొదలవుతుంది చెంచా కథ.

ఊరి మహిళా సంఘంలో ఉన్న ఆడవాళ్ళు పూటపూటా అన్నానికి బియ్యం కొలిచాక ఒక చెంచాడు వెనక్కి తీసి వేరే జాడీలో వేసేవారు. నెల తిరిగేసరికి ఇంటింటి జాడీలూ తెచ్చి ఒక చోట పోసి, అమ్మి, ఆ డబ్బు సంఘం పేర దాచేవారు. ఆ నిధితో చిన్న సహకార దుకాణం పెట్టినవాళ్ళున్నారు. సబ్బు, ఉప్పు, అగ్గిపెట్టె కోసం సంత దాకా పోనక్కర్లేకుండా అయ్యింది. లాభం మళ్ళీ ఊరికే. నాట్ల రోజుల్లో హాల్లోనే అందరికీ కలిపి వండేవారు, చంటిపిల్లల్ని అక్కడే ఉంచి ఒకరిద్దరు చూసుకునేవారు. దాంతో తల్లి పొలంలో ఉండగా ఇంట్లో పొయ్యి గురించీ, పిల్లాడి గురించీ దిగులు లేదు. ఉమ్మడిగా వండితే మిగిలేది బియ్యం కాదు, ఆడమనిషి నడుము. ఇది మీకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ చెంచా దగ్గర నేను చదవటం ఆపేసి కాసేపు అలాగే కూచున్నాను. మా అమ్మ కూడా సోలతో కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అటక మీది కుండలో పడేసేది. నాన్నకి తెలియదు. నా డిగ్రీ పరీక్ష ఫీజు ఆ కుండలోంచే వచ్చింది. కాకపోతే అమ్మది ఒంటరి పిడికెడు. పక్కింటావిడ కుండ ఎక్కడుందో అమ్మకి తెలియదు, అమ్మ కుండ ఆవిడకి తెలియదు.

కొరియాలో ఆడవాళ్ళు దాచటంతో ఆగలేదు. చలికాలంలో పనిలేని మగవాళ్ళు మక్కొల్లి, అంటే వాళ్ళ బియ్యం కల్లు, తాగుతూ జూదం ఆడుతూ పంట డబ్బు తగలేస్తుంటే, సంఘాలు ఎన్నో ఊళ్ళలో ఆ దుకాణాల మీదికి వెళ్ళి మూయించాయి. వినగానే మీకు దూబగుంట గుర్తొచ్చి ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పాఠాలు చదువుకున్న ఆడవాళ్ళు సారా పాటల మీద తిరగబడ్డారు, 1993 అక్టోబరు 1న సారా నిషేధం తెచ్చుకున్నారు. అదే జిల్లాలో ఆ వెంటనే రోజుకో రూపాయి చొప్పున పొదుపులక్ష్మి మొదలైంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు చోట్లా ఆడవాళ్ళు తాగుడు మీద పోరాటాన్నీ పొదుపునీ జోడించారు. మనవాళ్ళ మీటింగులు మాత్రం చెట్టు కిందా, ఎవరో ఒకరి వసారాలో నడిచాయి.

ఇదంతా బంగారు కథ అనుకోకండి. 1972 అక్టోబరు తర్వాత పార్క్ పాలన పూర్తి నియంతృత్వం అయిపోయింది. తెల్లారకుండానే మైకులో ఉద్యమం పాట మోగేది, మాట వినని ఇంటిమీద అధికారుల ఒత్తిడి ఉండేది, ఇష్టం ఉన్నా లేకపోయినా గడ్డికప్పు తీసెయ్యమనేవారు. దాని స్థానంలో వేసిన రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంది, ఇప్పుడు వాటిని జాగ్రత్తగా తీసి పారేయటం మరో పెద్ద పని. ప్రతి ఊరికీ ఒక మగ నాయకుడితో పాటు ఒక నాయకురాలు ఉండాలన్నారు, బాగానే ఉంది. కానీ జీతం లేదు, ఇంటిచాకిరీ తగ్గలేదు. పొద్దున సంఘం పని, రాత్రి ఇంటిపని. ఆ పత్రాలన్నీ 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలోకి ఎక్కాయి. చెంచా ఎత్తినవాళ్ళ నడుంనొప్పి ఏ పత్రంలో ఉంటుంది చెప్పండి.

తర్వాత జరిగింది మనకి తెలిసిందే. పిల్లలు సియోల్‌కి, బూసాన్‌కి వెళ్ళిపోయారు. 1970లో దేశంలో దాదాపు సగం మంది పల్లెల్లో ఉండేవారు, ఇప్పుడు అయిదో వంతు కూడా లేరు. మరి అన్ని వేల హాళ్ళూ బోసిపోవాలి కదా? పోలేదు. చాలా ఊళ్ళలో అవే ముసలివాళ్ళు పగలంతా గడిపే చోట్లయ్యాయి. చలికాలం ఎవరింట్లో వాళ్ళు నేల వేడి చేసుకుంటే ఖర్చు, అందరూ ఒకచోట చేరితే ఒక్క ఖర్చు. హీటింగుకీ బియ్యానికీ సర్కారు సాయం ఉంది. ఎండాకాలం అవే వడదెబ్బ నుంచి తలదాచుకునే చోట్లు. చాలా హాళ్ళలో మగవాళ్ళకి ఒక గది, ఆడవాళ్ళకి ఒక గది. ఆడవాళ్ళ గదే నిండుగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళే ఎక్కువ కాలం బతుకుతున్నారు. ఒకప్పుడు కోడళ్ళుగా చెంచాడు బియ్యం తీసినవాళ్ళలో ఎంతమందో ఇప్పుడు ఆ గచ్చు మీద వెల్లుల్లి వలుస్తున్నారు. ఒకరోజు ఒకావిడ రాకపోతే, ఏమైందో చూసి రమ్మని ఇంకొకావిడని పంపిస్తారు.

మొన్న అమ్మకి ఫోన్ చేశాను. మన హాలు తాళం ఎవరి దగ్గరుందని అడిగాను.

"పంచాయతీ ఆఫీసులో. ఎందుకే?"

"మధ్యాహ్నం పూట తీస్తే మీరు నలుగురూ కూచోవచ్చు కదా."

కాసేపు మాట లేదు. తర్వాత అంది: "దానికి రాళ్ళు మోసింది మేమే. ఆ ఏడు నువ్వు కడుపులో ఉన్నావు, అందుకని నన్ను నీళ్ళు మోయమన్నారు." నాకు తెలియదు ఆ సంగతి. యాభై ఏళ్ళకి దగ్గర పడుతున్నాను, ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు.

"పొయ్యి లేదు మరి అక్కడ" అంది మళ్ళీ. "లోపల ఎలకలు కూడానూ. ముందు శుభ్రం చెయ్యాలి. ఏలూరు పిన్నినీ, కోటమ్మ వదిననీ అడుగుతా ఉండు."