వెనకనుంచి బల్లెం విసిరినవాడు

చారిత్రక నవలలు చదివే అలవాటు మా తరం ఆడపిల్లలకు వేసవి సెలవుల్లో పడింది. అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ అట్ట ఊడిపోయేదాకా చేతులు మారింది. గన్నారెడ్డి పైకి గజదొంగ, లోపల రుద్రమదేవికి నమ్మినబంటు. లోకమంతా దొంగ అంటున్నా రాజ్యం కోసం ఆ మాట మోస్తూ తిరిగే వీరుణ్ణి చూసి కరిగిపోయేవాళ్ళం. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ చదివినప్పుడు ఒక సంగతి తట్టింది. ఈ నవలల్లో సంఘర్షణ పడే హక్కు బిరుదున్నవాళ్ళకే ఉంటుంది. ధర్మమా, ప్రభుభక్తా, ప్రేమా అని రాత్రంతా నిద్రపోకుండా పచార్లు చేసేది సామంతుడో సేనానో అయివుంటాడు. కాల్బలం మాత్రం వేలల్లో వస్తుంది, వేలల్లో పోతుంది. వాళ్ళకి నిద్ర పట్టిందా లేదా అన్నది కథకి అక్కర్లేదు.

ఈ అనుమానం ములుగు వెళ్ళినప్పుడల్లా బలపడుతూ వచ్చింది. ఒకప్పటి వరంగల్లు జిల్లాలో తాలూకా, 2019 నుంచి సొంతంగా జిల్లా. యుద్ధం మిగిల్చిన రెండు గుర్తులు అక్కడ ఉన్నాయి. ఒకటి పాలంపేటలో రాతి మీద, రెండోది మేడారంలో నోటి మీద. ఒక్కరోజులో రెండూ చూసి రావచ్చు. చూసినవాళ్ళకి మాత్రం రెండు వేరే వేరే లోకాలు చూసినట్టుంటుంది.

పాలంపేట గుడిని మనం రామప్ప అంటాం. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక అందరికీ తెలిసింది. కట్టించింది రేచర్ల రుద్రుడు, గణపతిదేవుడి సేనాని. 1213 నాటి శాసనస్తంభం ఇంకా అక్కడే ఉంది. దాని వెనక ఒక చెర కథ ఉంది. దేవగిరి యాదవుల మీద యుద్ధానికి వెళ్ళి కాకతి మహాదేవుడు చనిపోయాడు. కొడుకు గణపతి శత్రువులకు చిక్కాడు. రాజు లేడు, వారసుడు బందీ, సామంతులు ఎవరికి వారు తలలెత్తారు. ఆ రోజుల్లో రాజ్యం చెదిరిపోకుండా పట్టుకున్నది రుద్రుడు. కాకతి రాజ్యభారాన్ని మోసినవాడు అనే అర్థం వచ్చే బిరుదులు ఆయనకు అందుకే వచ్చాయి. తలుచుకుంటే సింహాసనం ఆయనదే. తీసుకోలేదు. 1199 ప్రాంతంలో యాదవరాజు జైతుగి గణపతిని విడిచిపెట్టాడు. యాదవుల వైపు రాతలు దాన్ని దయగా చెప్పుకున్నాయి. చెరలో ఉన్న రాకుమారుడు, ఖాళీ సింహాసనం పక్కన నిలబడ్డ సేనాని. నవలాకారుడికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ కథ ఇక్కడితో ఆగితే బాగానే ఉంటుంది. చెరనుంచి బయటపడ్డ గణపతిదేవుడు తర్వాత తీరాంధ్ర మీదికి దండెత్తాడు. కృష్ణా సముద్రంలో కలిసేచోట దివిసీమను గెలిచాడు. అక్కడి అయ్య వంశపు పిన్నచోడుడి కూతుళ్ళు నారమ, పేరమ. వాళ్ళిద్దర్నీ రాజు పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ తమ్ముడు జాయపను తనతో తీసుకొచ్చి గజసేనకు అధిపతిని చేశాడు. ఈ సంగతి 1231 నాటి గణపేశ్వరం శాసనంలో ఉంది. జాయప అక్కడితో ఆగకుండా 1253-54లో ‘నృత్తరత్నావళి’ రాశాడు. రామప్ప గుడి బొమ్మల్నీ ఆ గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్ళీ లేపారు. యుద్ధానికి ముందు వీరులు ఆడేదని చెప్పే నాట్యం అది. గుడి చూరు కింద నల్లరాతి మదనికలుగా నిలబడ్డవాళ్ళు మాత్రం అందరూ ఆడవాళ్ళే.

శాసనం దాన్ని పెళ్ళి అంది. ఓడిన ఇంటి ఆడపిల్లలు గెలిచినవాడి ఇంటికి వెళ్ళటానికి అప్పట్లో ఇంకో పేరు లేదు కాబోలు. యుద్ధంలో చిక్కి పరాయి ఊరు చేరటం అంటే ఏమిటో గణపతిదేవుడికి స్వయంగా తెలుసు. ఆయన్ని చెర విడిచింది. మళ్ళీ రాజయ్యాడు. నారమ పేరమలకు విడుదల అన్న మాటే లేదు, ఎందుకంటే వాళ్ళని ఎవరూ బందీలని అనలేదు. రేచర్ల రుద్రుడి మీద నవల రాయమంటే పదిమంది ముందుకొస్తారు. దివినుంచి ఓరుగల్లుకు పల్లకీలో వచ్చిన ఆ అక్కచెల్లెళ్ళ ప్రయాణం మీద ఒక అధ్యాయం రాయమనండి చూద్దాం.

రాజుల చెర కథలు కాకతీయుల దగ్గరే మళ్ళీ ఒకసారి వస్తాయి. 1323లో ఓరుగల్లు కోట పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుంటే నర్మద ఒడ్డున చనిపోయాడని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెప్తుంది. ఆయనతో పాటు చిక్కినవాళ్ళలో ఒక సేనాని ఢిల్లీ చేరి, మతం మారి, మాలిక్ మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి ఖాన్ జహాన్ బిరుదుతో వజీరు. చరిత్రకారులు ఈయన్ని ప్రతాపరుద్రుడి కటకపాలుడు నాగయ గన్నయగా గుర్తించారు. మారన తన ‘మార్కండేయ పురాణం’ అంకితమిచ్చింది ఈ గన్నయకే. ఒక తెలుగు పురాణానికి కృతిభర్త ఢిల్లీ నిజాముద్దీన్ బస్తీలో ఎనిమిది పలకల సమాధిలో ఉన్నాడు. ఈయన్ని కొందరు ద్రోహి అంటారు, ఇంకొందరు ఢిల్లీని ఏలిన తెలుగువాడని మురుస్తారు. రెండు వాదనల్లోనూ ఒక వివరం జారిపోతుంది. ఆనాటి చరిత్రకారుడు అఫీఫ్, ఈ వజీరు అంతఃపురంలో రూమునుంచి చీనాదాకా పలు దేశాల స్త్రీలు రెండువేలమంది ఉండేవారని రాశాడు. అంకె పెంచి రాశాడనే అనుకుందాం. ఒకప్పటి యుద్ధఖైదీ ఇంట్లో వేరే వేరే యుద్ధాల్లో చిక్కిన స్త్రీలు ఉన్నారన్నది మాత్రం పెంచి చెప్పిన మాట కాదనుకుంటాను. బందీ అయిన మగవాడికి పైకి ఎక్కే మెట్లు ఉన్నాయి. ఆ మెట్లు దేనిమీద కట్టారో చూడాలి.

ఇక మేడారం. ఇక్కడ రాయి లేదు. డోలి కొట్టి, పడిగె బట్టలు పరిచి కోయ పెద్దలు వంశగాథలు చెప్తారు. వాటిలో సమ్మక్క కథ ఒకటి. అలా పాడే సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. జాతరకు వెళ్ళే లక్షలమంది ఎరిగిన కథ వేరు, కోయల నోట వినే కథ వేరు. పేర్లూ వరసలూ మారతాయి. ఎక్కువమంది చెప్పుకునేది ఇది: వరసగా కరువులు వచ్చి కోయదొర పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడి సేన అడవిమీద పడింది. పగిడిద్దరాజు, కూతుళ్ళు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడు. అది జంపన్నవాగు అయింది. సమ్మక్క ఒక్కతే మిగిలి పోరాడింది. ఎదురుగా నిలిచి గెలవలేక ఒక సైనికుడు వెనకనుంచి పొడిచాడు. ఆ గాయంతోనే ఆమె చిలకలగుట్ట మీదికి నడిచి వెళ్ళి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్ళకి దొరికింది కుంకుమ భరిణె.

ఈ కథలో ఒక్కడికే పేరు లేదు. వాగులో దూకినవాడి పేరు వాగుకొచ్చింది. అల్లుడు కొండాయినుంచి, భర్త పూనుగొండ్లనుంచి, కూతురు కన్నెపల్లినుంచి రెండేళ్ళకోసారి మేడారం గద్దెలకు వస్తారు. దండెత్తిన రాజుకీ పేరుంది. బల్లెం విసిరినవాడికి లేదు. నాకు అతని మీదే ధ్యాస. కాకతీయుల నాయంకర పద్ధతిలో నాయకులకు ఊళ్ళు ఇచ్చేవారు, బదులుగా వాళ్ళు అడిగినప్పుడు సేన పంపాలి. ఆ సేన ఊళ్ళనుంచే వస్తుంది. అదే కరువు, అవే ఎండిన చెరువులు. కప్పం కట్టలేని ఇంటినుంచి వచ్చినవాడు, కప్పం కట్టలేనివాళ్ళ మీదికి నడిచివుంటాడు. ముందు నిలబడటానికి భయపడ్డాడా, సిగ్గుపడ్డాడా? ఆమె తిరిగి చూసిందా? ఆ రాత్రి తోటివాళ్ళు అతన్ని మెచ్చుకున్నారా, పక్కన కూర్చోలేదా? సేనానుల సంఘర్షణ మీద వందల పేజీలు రాసిన మనకి ఈ ప్రశ్నలు రాలేదు.

ఇంకోటి కూడా గమనించాను. సమ్మక్క చిక్కలేదు. గణపతి చిక్కాడు, ప్రతాపరుద్రుడు చిక్కాడు, గన్నయ చిక్కాడు, వాళ్ళ కథలు ఆ చెరతోనే మొదలవుతాయి. ఆమె చిక్కితే మాత్రం కథ ఎలా చెప్పాలో ఎవరికీ తెలిసేది కాదేమో. ఆమెను గుట్ట దాచుకుంది. అలా దాచుకున్నందుకు నాకు సంతోషమే. కానీ ఆ యుద్ధంలో మిగిలిన కోయ స్త్రీలందర్నీ దాచుకునేంత గుట్ట ఎక్కడుంది? వాళ్ళ సంగతి పాట ఎత్తుకోదు.

రుద్రమ విషయంలోనూ ఇలాంటి మౌనం ఒకటి ఉంది. నవలల్లో, సినిమాల్లో ఎక్కువగా ఆమె మగవేషంలో ఉన్న యువతి. శాసనాలు కూడా ఆమెను రుద్రదేవ మహారాజు అన్నాయి. వయసు మళ్ళిన రుద్రమ అంబదేవుడి మీద యుద్ధంలో పోయిందని చరిత్రకారులు ఊహించటానికి ఆధారం నల్లగొండ జిల్లా చందుపట్లలో దొరికింది. 1289 నవంబరు 27 నాటి రాయి. రుద్రమకూ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకం కలగాలని భూమి దానం చేసినవాడు పువ్వుల ముమ్మడి, ఆ నాయకుడి కొలువులోని మనిషి. కాకతీయుల యుద్ధాలన్నిట్లో ఒక చిన్న సైనికుడి దుఃఖం నాకు కనిపించిన చోటు ఇదొక్కటే. రాణిని ఎవరు చంపారో అతను రాయలేదు. భూమి కొలతలు రాశాడు.

అడిగితే చెప్తారు కదా అనిపిస్తుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు అడిగారు. సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల మాటలతో 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. దళంతో అడవిలో ఉంటూ కన్నబిడ్డను వదులుకోవలసి వచ్చిన తల్లి అందులో ఉంది. పార్టీ మాటా, బిడ్డ ఏడుపా అన్న సంఘర్షణ ఏ సేనానిదీ కాదు, ఆమెది. నలభై ఏళ్ళయినా చల్లారని ఆ మాట అడగబట్టే బయటికొచ్చింది.

చిలకలగుట్ట మీదినుంచి పూజారులు సమ్మక్కను దించేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చి స్వాగతం చెప్తారు. ప్రభుత్వ లాంఛనం. ఒకప్పుడు ఆమె మీదికి వచ్చింది కూడా ప్రభుత్వమే. 2024 ఫిబ్రవరి జాతరలో ఆ తుపాకులు అలా మోగాయి. అదే ఏడు డిసెంబరు 1న, అదే జిల్లా ఏటూరునాగారం మండలం చల్పాక దగ్గర జరిగిన ఎన్‌కౌంటర్‌లో ఏడుగురు మావోయిస్టులు చనిపోయారు. పేర్లు మర్నాడు పేపర్లలో వచ్చాయి. కాల్చిన కుర్రాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళో, ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మలతో ఏం చెప్పారో ఏ పేపరూ రాయలేదు.