ఫస్టు ఫారమా, ఆరో స్టాండర్డా?

మద్రాసు రాష్ట్రపు రోజుల్లో కోస్తా, రాయలసీమ పట్నాల్లో ఐదో తరగతి గట్టెక్కిన పిల్లవాడికి రెండు రకాల సర్కారీ బళ్లుండేవి. ఒకటి బోర్డు హైస్కూలు, రెండోది హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు. హైస్కూల్లో చేరినవాడు ‘ఫస్టు ఫారం’, ఎలిమెంటరీలోనే ఉండిపోయినవాడు ‘ఆరో స్టాండర్డు’. ఒకే వీధి పిల్లలు, ఒకే ఈడు. మూడేళ్లు తిరిగేసరికి ఒకడు థర్డు ఫారం దాటి స్కూలు ఫైనలు వైపు నడిచేవాడు, ఇంకొకడు ఇ.ఎస్.ఎల్.సి. (ఎలిమెంటరీ స్కూలు లీవింగ్ సర్టిఫికెట్) పరీక్ష రాసి ఎనిమిదితో చదువు ముగించేవాడు.

ఈ చీలిక ఊళ్లో పుట్టింది కాదు. ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగించమని 1882 నాటి హంటర్ కమిషన్ చెప్పింది. 1884 చట్టాలతో మద్రాసులో లోకల్ బోర్డులు, మునిసిపాలిటీలు ఆ బరువు ఎత్తుకున్నాయి. 1920 నాటి ఎలిమెంటరీ విద్యా చట్టం విద్యా పన్నుకు దారి తీసింది. అంటే ఎలిమెంటరీ బడి పన్ను డబ్బుతో నడిచేది, హైస్కూలుకు మాత్రం నెలనెలా జీతం (ఫీజు) కట్టాలి. తాలూకా బోర్డులు 1934లో పోయాయి గానీ, తెనాలిలో ‘తాలూకా హైస్కూలు’ పేరు మాత్రం పోలేదు.

అసలు తేడా ఇంగ్లీషు దగ్గర. అది లేకుండా ఎనిమిది చదివినవాడికి ఫోర్తు ఫారం అందని పండే. వాడి ముందున్న మంచి దారి ట్రైనింగు స్కూలు: ఇ.ఎస్.ఎల్.సి. మీద ట్రైనింగైతే ‘హయ్యర్ గ్రేడు’ పంతులు, స్కూలు ఫైనలు మీద ట్రైనింగైతే ‘సెకండరీ గ్రేడు’. పల్లెటూరి ఏకోపాధ్యాయ బళ్లను చాలాచోట్ల నిలబెట్టింది ఆ హయ్యర్ గ్రేడు పంతుళ్లే. ఈ సంగతి మన విద్యా చరిత్రల్లో దక్కాల్సినంత చోటు దక్కించుకోలేదు.

స్కూలు ఫైనలు పిల్లవాడి చేతికి వచ్చేది ఒట్టి కాగితం కాదు, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం. అందులో మార్కులతో పాటు పుట్టుమచ్చల ఆనవాళ్లు, పుట్టిన తేదీ ఉండేవి. ఆ తేదీ బడిలో చేర్చిన రోజున హెడ్మాస్టరు ఉజ్జాయింపుగా వేసిందే కావచ్చు. ఉద్యోగంలో రిటైర్మెంటు లెక్క మాత్రం దాని ప్రకారమే.

నిజాం రాజ్యంలో మెట్లు వేరు: తహతానియా, వస్తానియా, ఫౌఖానియా. నడిమి బడి వస్తానియాకు చేరేసరికి తెలుగు పిల్లవాడి పాఠాలు ఉర్దూలోకి మారేవి. ఇక్కడ అడ్డుగోడ జీతం కన్నా భాషే. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ మాతృభాషలో చదువు కావాలని అడిగింది ఇందుకే.

1956లో రెండు ప్రాంతాలూ కలిశాయి. 1959 చట్టంతో జిల్లా పరిషత్తులు వచ్చాక బోర్డు హైస్కూళ్లు జడ్పీ హైస్కూళ్లయ్యాయి. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ రావడంతో పదకొండేళ్ల బడి పదేళ్లకు కుదిరింది. ఫారాలు పెద్దవాళ్ల మాటల్లోనే మిగిలాయి. హైస్కూలు, హయ్యర్ ఎలిమెంటరీ బళ్లలో ఏది మేలైనదంటే, ఇంగ్లీషు పక్కన పెడితే చదువులో తేడా తక్కువే. పిల్లల్ని విడదీసింది తండ్రి కట్టగలిగిన జీతం. హయ్యర్ గ్రేడు హోదా కాలగర్భంలో కలిసింది. సెకండరీ గ్రేడు టీచరు హోదా మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల డీఎస్సీ ప్రకటనల్లో ఇప్పటికీ కనిపిస్తుంది.